చోటు దగ్గరే తేలే లెక్క: వాషింగ్టన్‌లో నల్లజాతి సైనికుల స్మారకాలకు స్థలం ఆమోదించే వ్యవస్థపై సమీక్ష

వాషింగ్టన్ మెట్రోలో గ్రీన్ లైన్ ఎక్కి యూ స్ట్రీట్ స్టేషన్‌లో దిగండి. 10వ వీధి వైపు ద్వారం నుంచి పైకొస్తే ఎదురుగానే కంచు సైనికులు కనిపిస్తారు. ముగ్గురు పదాతి సైనికులు, వాళ్ళ పక్కన ఒక నావికుడు. విగ్రహం వెనక్కి వెళ్తే దృశ్యం మారిపోతుంది. అక్కడ యుద్ధానికి బయల్దేరుతున్న ఒక సైనికుడు, అతన్ని సాగనంపుతున్న కుటుంబం. చుట్టూ వంపు తిరిగిన గోడల మీద స్టెయిన్‌లెస్ స్టీలు పలకలు, వాటి మీద 2,09,145 పేర్లు. అమెరికా అంతర్యుద్ధంలో యూనియన్ (ఉత్తరాది) పక్షాన పోరాడిన నల్లజాతి దళాల వాళ్ళ పేర్లు అవి. దళాలను నడిపిన తెల్లజాతి అధికారుల పేర్లు కూడా వాళ్ళతోనే ఉన్నాయి.

ఇక్కడికి సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, జాతీయ స్మారకాలు కొలువైన పెద్ద మైదానం నేషనల్ మాల్‌లో కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ అనే తోట ఉంది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన 5,000 మందికి పైగా నల్లజాతి సైనికుల స్మారకానికి 1988లోనే మాల్ ప్రాంతంలో చోటు ఇస్తూ చట్టం వచ్చింది, ఈ తోటలోనే స్థలం ఎంచుకున్నారు. ఇవాళ వెళ్ళి చూస్తే చెరువు, చెట్లు, పచ్చిక ఉన్నాయి. ఆ స్మారకం మాత్రం లేదు.

రెండూ ఒకే నగరంలోని కథలు. అనుమతి ఇచ్చింది ఒకే కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ. ఒకటి చట్టం వచ్చిన ఆరేళ్ళలోపే నిలబడింది. రెండోది తరం దాటినా నిలబడలేదు. స్థలం ఆమోదించే ఈ ప్రభుత్వ సేవ ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఇరుక్కుంటుందో ఈ రెంటినీ పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. పార్కులో ఒక విగ్రహమో, గ్రంథాలయం ముందు ఒక శిలాఫలకమో పెట్టాలని ప్రయత్నించే మన తెలుగు సంఘాలు అమెరికా అంతటా ఉన్నాయి కాబట్టి, వాళ్ళకు పనికొచ్చే సంగతులూ ఇందులో ఉన్నాయి.

ముందు ఈ సేవ ఎవరిదో చూద్దాం. 1986 నవంబర్ 14న కమెమొరేటివ్ వర్క్స్ యాక్ట్ అనే చట్టం అమల్లోకి వచ్చింది. వాషింగ్టన్‌లో నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలోనో, ప్రభుత్వ భవనాలు చూసే జనరల్ సర్వీసెస్ అడ్మినిస్ట్రేషన్ చేతిలోనో ఉన్న భూమి మీద శాశ్వత స్మారకం ఏది కట్టాలన్నా దాని కోసం విడిగా కాంగ్రెస్ ఒక చట్టం చేయాలి. ఆ తర్వాతే స్థలం వేట. పార్క్ సర్వీస్ ఈ మొత్తం పనిని 24 మెట్లుగా విడగొట్టి రాసిపెట్టింది. మొదటి మెట్టు మీ ఆలోచన, చివరి మెట్టు కట్టిన స్మారకాన్ని ప్రభుత్వానికి అప్పగించడం. మధ్యలో కనీసం మూడు సంస్థల గుమ్మం ఎక్కాలి. సలహా ఇచ్చేది నేషనల్ క్యాపిటల్ మెమోరియల్ అడ్వైజరీ కమిషన్. దీనికి పార్క్ సర్వీస్ డైరెక్టర్ అధ్యక్షత వహిస్తారు, నగర మేయరూ రక్షణ మంత్రీ సహా మొత్తం ఎనిమిది మంది సభ్యులు. అందం, ఆకృతి చూసేది ఏడుగురు సభ్యుల కమిషన్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్. నగర ప్రణాళిక చూసేది పన్నెండు మంది సభ్యుల నేషనల్ క్యాపిటల్ ప్లానింగ్ కమిషన్. మొదటిది సలహా మాత్రమే ఇస్తుంది. తర్వాతి రెండూ ఒప్పుకోకపోతే స్థలమూ లేదు, డిజైనూ లేదు.

స్థలాలకు ఇక్కడ మూడు అంతస్తులున్నాయి. మన గుడి లెక్కన చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గర్భగుడి లాంటిది రిజర్వ్. మాల్‌లో కాపిటల్ నుంచి లింకన్ స్మారకం దాకా, వైట్‌హౌస్ నుంచి జెఫర్సన్ స్మారకం దాకా శిలువ ఆకారంలో పరుచుకున్న భాగం అది. 2003లో చట్టాన్ని సవరించి, ఇక అక్కడ కొత్తగా ఏదీ రాకూడదని తలుపు వేసేశారు. దాని చుట్టూ ప్రాకారం లోపలి చోటు లాంటిది ఏరియా ఒకటి. బయట మాడవీధుల్లాంటిది ఏరియా రెండు. నగరంలో మిగిలిన ఫెడరల్ భూమి అంతా అందులోకే వస్తుంది. ఏరియా రెండు అడిగితే పైన చెప్పిన కమిషన్లను ఒప్పిస్తే చాలు. ఏరియా ఒకటి కావాలంటే మాత్రం, ఆ విషయానికి దేశ చరిత్రలో అత్యున్నత, శాశ్వత ప్రాధాన్యం ఉందని ఫెడరల్ భూములు, పార్కులు చూసే ఇంటీరియర్ మంత్రి సిఫార్సు చేయాలి. ఆ సిఫార్సు కాంగ్రెస్‌కు చేరిన 150 రోజుల్లో మరో చట్టం చేసి ఆమోదించాలి. 150 రోజులు దాటితే సిఫార్సు తిరస్కరించినట్టే లెక్క. అంటే ఏరియా ఒకటికి రెండు చట్టాలు కావాలి: స్మారకానికి ఒకటి, చోటుకు ఒకటి.

కొత్తగా వచ్చేవాళ్ళు ఇక్కడే పొరబడతారు. మొదటి చట్టం సంతకం అయిన రోజు పండగ చేసుకుంటారు. నిజానికి ఆ రోజే గడియారం తిరగడం మొదలవుతుంది. చట్టం వచ్చిన ఏడేళ్ళలోపు నిర్మాణ అనుమతి చేతికి రాకపోతే అధికారం రద్దవుతుంది. మరో మూడేళ్ళ పొడిగింపును అధికారుల స్థాయిలోనే పొందే వీలుంది కానీ, తుది డిజైన్‌కు రెండు కమిషన్ల ఆమోదం అప్పటికే ఉండాలి, అంచనా ఖర్చులో 75 శాతం డబ్బు చేతిలో ఉండాలి. ఆ రెండూ లేకపోతే పొడిగింపు కోసం మళ్ళీ కాంగ్రెస్ తలుపే తట్టాలి.

ఇప్పుడు ఆ రెండు స్మారకాలను ఈ లెక్కల పక్కన పెట్టి చూద్దాం.

యూ స్ట్రీట్ స్మారకం వెనక ఉన్నది అప్పటి నగర పాలక మండలి సభ్యుడు ఫ్రాంక్ స్మిత్. 1992 అక్టోబర్‌లో కాంగ్రెస్ చేసిన చట్టం ఆ అధికారాన్ని ఏ ప్రైవేటు సంఘానికీ ఇవ్వలేదు, నేరుగా డిస్ట్రిక్ట్ ఆఫ్ కొలంబియా, అంటే వాషింగ్టన్ నగర ప్రభుత్వానికే ఇచ్చింది. అసలు కీలకం ఇదే. కట్టేది నగరం, ఎంచుకున్నది నగరం మధ్యలోని చోటు. ఆ చోటుకు ఒక అర్థం కూడా ఉంది. ఆ పేట పేరు షా. నల్లజాతి సైనికుల 54వ మసాచుసెట్స్ రెజిమెంట్‌ను నడిపి, 1863 జులై 18న ఫోర్ట్ వాగ్నర్ దగ్గర తన సైనికులతో పాటు ప్రాణం విడిచిన రాబర్ట్ గౌల్డ్ షా పేరే అది. యూ స్ట్రీట్ ఒకప్పుడు నల్లజాతి సంగీతానికి, వ్యాపారానికి గుండెకాయ. 1968 అల్లర్లలో దెబ్బతింది, ఆ తర్వాత మెట్రో తవ్వకాలతో ఏళ్ళ తరబడి వీధి వీధంతా చిందరవందర అయింది. 1991లో స్టేషన్ తెరుచుకున్నాక ద్వారం ముందు ఖాళీ మిగిలింది. విగ్రహం అక్కడికే వచ్చింది. శిల్పి కెంటకీకి చెందిన ఎడ్ హామిల్టన్. 1998లో ఆవిష్కరణకు ఎంచుకున్న తేదీ జులై 18. ఆ తేదీ ఎందుకో ఆ పేటలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. 2004లో స్మారకం పార్క్ సర్వీస్ నిర్వహణలోకి వెళ్ళింది.

మెట్రో పక్కన స్థలం అంటే రోజూ వేలమంది కళ్ళబడుతుంది. అదే సమయంలో అదనపు పనీ ఉంటుంది. సొరంగాలు, స్టేషన్ గదులు, గాలిగొట్టాలు ఎక్కడెక్కడున్నాయో చూసుకోకుండా పునాది తీయడానికి లేదు. మెట్రో సంస్థ తన నిర్మాణాలకు పక్కన జరిగే ప్రతి పని నక్షానూ విడిగా పరిశీలిస్తుంది. నేల మీద ఎంత బరువు పడుతుంది, నీరు ఎటు పోతుంది, ఎస్కలేటర్ దగ్గర జనం కదలికకు అడ్డం వస్తుందా అన్నవి అడుగుతారు. ఇలాంటి చోట ఎత్తైన గోపురం కంటే, నేలకు దగ్గరగా పరుచుకునే గోడలే మేలు. యూ స్ట్రీట్ ఆకృతి సరిగ్గా అలాగే ఉంది. మధ్యలో కంచు విగ్రహం, చుట్టూ మనిషి నిలబడి చదువుకోగలిగినంత ఎత్తులో పేర్లు. రైలు దిగి ఆఫీసుకు పరిగెత్తే మనిషి కూడా రోజూ ఆ పేర్ల పక్క నుంచే వెళ్ళాలి. స్థలం ఎంపికకు ఇక్కడ 5కి 5 ఇవ్వడానికి వెనకాడక్కర్లేదు.

కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ సంగతి వేరు. స్వాతంత్ర్య యుద్ధపు నల్లజాతి సైనికుల స్మారకానికి అనుమతి చట్టం 1986 అక్టోబర్ 27న వచ్చింది, అంటే కమెమొరేటివ్ వర్క్స్ యాక్ట్ కంటే 18 రోజుల ముందు. మారిస్ బార్బోజా ఈ ఆలోచనను భుజాన వేసుకున్నారు. 1988 మార్చిలో రెండో చట్టంతో ఏరియా ఒకటిలో చోటు కూడా ఖాయమైంది. స్థలం దొరకడం వరకైతే ఇది చాలా వేగమే, ఏడాదిన్నర కూడా పట్టలేదు. శిల్పి ఎడ్ డ్వైట్ నమూనా తయారుచేశారు. ఇక మిగిలింది డబ్బు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఈ వ్యవస్థలో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్మారకానికి పైసా ఇవ్వనక్కర్లేదు. స్థలం ఇస్తుంది, తర్వాత చూసుకుంటుంది. కట్టే ఖర్చు, డిజైన్ ఖర్చు, పర్యావరణ నివేదికల ఖర్చు, ఏటా ఆడిట్ చేయించి లెక్కలు సమర్పించే ఖర్చు అన్నీ సంఘం మీదే పడతాయి. పైగా నిర్మాణ వ్యయంలో 10 శాతం నిర్వహణ నిధిగా ముందే జమ కట్టాలి. కోటి డాలర్ల స్మారకమైతే పది లక్షల డాలర్లు అదనంగా పక్కన పెడితే గానీ తవ్వడానికి అనుమతి చేతికి రాదు. స్వాతంత్ర్య యుద్ధ సైనికుల స్మారకం కోసం 1998లో ప్రభుత్వం ఒక వెండి డాలర్ నాణెం కూడా ముద్రించింది. దాని మీద, స్వాతంత్ర్య యుద్ధానికి ముందు బోస్టన్‌లో బ్రిటిష్ సైనికుల కాల్పుల్లో చనిపోయిన క్రిస్పస్ ఆటక్స్ ముఖం, వెనక డ్వైట్ నమూనాలోని ఒక కుటుంబం. నాణేనికి 10 డాలర్ల చొప్పున నిధికి రావాలి. 5 లక్షల నాణేల దాకా ముద్రించడానికి అనుమతి ఉన్నా, అమ్ముడైనవి అందులో నాలుగో వంతు కూడా కాలేదు. గడువును పలుమార్లు పొడిగించారు. 2005లో అది పూర్తిగా తీరిపోయింది. దాంతో స్థలం హక్కూ పోయింది.

తప్పు ఎవరిదన్న ప్రశ్నకు తేలికైన జవాబు లేదు. నియమాలు అందరికీ ఒకటే అన్నది నిజం. కానీ ఒకటే నియమం అందరి మీదా ఒకే బరువు వేయదు. చేతిలో స్థలం లేకుండా పెద్ద దాతలు ముందుకు రారు. స్థలం వచ్చాక డిజైన్ చూపించమంటారు. డిజైన్ చూపించాలంటే ఇంజినీర్లకు, శిల్పికి, నివేదికలకు ముందే డబ్బు కావాలి. ఈ వలయంలోంచి బయటపడేది వెనక పెద్ద సంస్థలున్నవాళ్ళే. మార్టిన్ లూథర్ కింగ్ స్మారకాన్ని చూడండి. 1996లో చట్టం వచ్చింది. దేశమంతా శాఖలున్న ఆల్ఫా ఫై ఆల్ఫా అనే పెద్ద సోదర సంఘం దాన్ని నెత్తికెత్తుకుంది, పెద్ద పెద్ద కంపెనీలు విరాళాలిచ్చాయి. సుమారు 12 కోట్ల డాలర్లు పోగైతే గానీ పని పూర్తి కాలేదు. అంత బలం ఉన్నా 2011 దాకా, అంటే 15 ఏళ్ళు పట్టింది. రెండు వందల ఏళ్ళ కిందట పోరాడిన, వారసుల పేర్లు కూడా సరిగ్గా నమోదు కాని సైనికుల కోసం అంత డబ్బు ఏడేళ్ళలో ఎవరు పోగు చేస్తారు? ఈ ప్రశ్నకు వ్యవస్థ దగ్గర జవాబు లేదు. డబ్బు సాయం విషయంలో ఈ సేవకు 5కి 1 కంటే ఎక్కువ ఇవ్వలేం.

ఆ ప్రయత్నం అక్కడితో ఆగిపోలేదు. 2013 జనవరిలో నేషనల్ లిబర్టీ మెమోరియల్ అనే పేరుతో మళ్ళీ అనుమతి వచ్చింది. ఈసారి సైనికులే కాదు, ఆ యుద్ధంలో సాయపడిన బానిసలు, స్వేచ్ఛ పొందిన నల్లజాతి వాళ్ళు అందరూ ఇందులో ఉన్నారు. 2014 సెప్టెంబర్‌లో దీన్ని ఏరియా ఒకటిలో కట్టుకోవచ్చని మరో చట్టం వచ్చింది. ఏరియా ఒకటి అని తేలినంత మాత్రాన ఫలానా గజాల స్థలం చేతికి వచ్చినట్టు కాదు. ఏరియా ఒకటి అంటే ప్రాకారం లోపలికి రమ్మన్నారు, అంతే. ఏ మూల అన్నది మళ్ళీ కమిషన్ల దగ్గర తేలాలి. ఎంపిక చేసుకున్న ముక్క వేరే శాఖ చేతిలో ఉంటే దాన్ని పార్క్ సర్వీస్‌కు బదిలీ చేయించుకోవడం ఇంకో పని. గడువు ముంచుకొచ్చేసరికి మళ్ళీ పొడిగింపు అడగాల్సి వచ్చింది. 1986 నుంచి లెక్కేస్తే దాదాపు నాలుగు దశాబ్దాలు.

స్థలం మీద ఇంత పట్టుదల అవసరమా, ఏరియా రెండులో ఒక మంచి కూడలి తీసుకుంటే పోయేదిగా అని కొందరు అడుగుతారు. అడగాల్సిన మాటే. 2001లో ప్లానింగ్ కమిషన్ నగరమంతటా 100 స్థలాలను గుర్తించి పుస్తకంగా వేసింది, అందులో 20 స్థలాలను మొదటి వరసలో పెట్టింది. మాల్ బయట మంచి చోట్లు నిజంగానే ఉన్నాయి. యూ స్ట్రీట్ అందుకు నిలువెత్తు సాక్ష్యం. కానీ స్వాతంత్ర్య యుద్ధ సైనికుల విషయంలో మాల్ మీద పట్టుబట్టడం సబబే అనిపిస్తుంది. కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ చెరువు మధ్య చిన్న దీవిలో స్వాతంత్ర్య ప్రకటన మీద సంతకం చేసిన 56 మంది పేర్లు గ్రానైట్ రాళ్ళ మీద ఉన్నాయి. వాళ్ళు రాసిన స్వేచ్ఛ కోసం తుపాకీ పట్టి, ఆ స్వేచ్ఛలో తమకు భాగం దక్కని వాళ్ళ గుర్తు ఆ ఒడ్డునే ఉండాలని కోరడంలో అర్థం ఉంది. ఇంకోచోట పెడితే అదే రాయి, అదే కంచు ఆ మాట చెప్పలేవు.

స్థలం మాట్లాడుతుందన్నదానికి ఫిలడెల్ఫియా కంటే మంచి పాఠం లేదు. 1927లో పెన్సిల్వేనియా శాసనసభ నల్లజాతి సైనికుల, నావికుల స్మారకానికి 50,000 డాలర్లు కేటాయించింది. డబ్బుంది, చట్టముంది, శిల్పి ఒట్టో ష్వైట్జర్ ఉన్నాడు. లేనిది చోటు ఒక్కటే. నగరపు ప్రధాన రహదారి పార్క్‌వే మీద పెట్టాలని నల్లజాతి సమాజం కోరింది. నగరపు కళా మండలి ఒప్పుకోలేదు. చివరికి 1934లో ఫెయిర్‌మౌంట్ పార్క్‌లో మెమోరియల్ హాల్ వెనక, దారిన పోయేవాళ్ళ కంటబడని మూలలో నిలబెట్టారు. అరవై ఏళ్ళు అది అక్కడే ఉంది. 1994లో గానీ లోగాన్ స్క్వేర్‌కు, పార్క్‌వే మీదికి రాలేదు. విగ్రహంలో ఒక్క గీత కూడా మారలేదు, కేవలం చోటు మారింది. ఇవాళ దాన్ని చూసేవాళ్ళ సంఖ్యను, అప్పట్లో చూసినవాళ్ళ సంఖ్యను పోల్చాల్సిన పనే లేదు.

దీనికి పూర్తి ఎదురు ఉదాహరణ బోస్టన్. అగస్టస్ సెయింట్-గాడెన్స్ దశాబ్దానికి పైగా చెక్కిన షా స్మారకాన్ని 1897లో బోస్టన్ కామన్ అంచున, రాష్ట్ర శాసనసభ భవనానికి సరిగ్గా ఎదురుగా నిలబెట్టారు. 54వ మసాచుసెట్స్ రెజిమెంట్ నడిచిన బీకన్ వీధి మీదే. చోటు అద్భుతం. కానీ అక్కడా ఒక లోటు ఉండేది: చనిపోయిన తెల్లజాతి అధికారుల పేర్లే చెక్కారు, నల్లజాతి సైనికుల పేర్లు వెనకవైపుకు చేరింది 1980ల మొదట్లో. మంచి చోటు దొరికినా రాత ముఖ్యమే. ఇక షికాగోలో 35వ వీధి దగ్గర 1927లో లేచిన విక్టరీ మాన్యుమెంట్ నల్లజాతి వాళ్ళతో కూడిన ఎనిమిదవ రెజిమెంట్ సైనికుల కోసం కట్టింది. వాళ్ళు నివసించిన పేట నడిబొడ్డునే ఉండడం వల్ల ఏ ఏడాదీ పూలకు కొరత లేదు. 1936లో దాని పైన సైనికుడి విగ్రహం చేర్చారు.

మళ్ళీ వాషింగ్టన్‌కు, ఈ సేవలోని ఆచరణ సంగతులకు వద్దాం.

చట్టం ఏయే స్మారకాలను ఒప్పుకోదో ముందే చదువుకోవాలి. ఒక దళానికో, ఒక రెజిమెంటుకో విడిగా స్మారకం కుదరదు. యుద్ధానికో, సైన్యంలోని ఒక విభాగానికో కావాలి. ఆ యుద్ధం ముగిసి కనీసం పదేళ్ళయి ఉండాలి. అందుకే 54వ మసాచుసెట్స్ ఒక్కదానికే వాషింగ్టన్ ఫెడరల్ భూమి అడిగితే రాదు. అంతర్యుద్ధంలో యూనియన్ తరఫున పనిచేసిన ఆఫ్రికన్ అమెరికన్లందరికీ అని అడిగారు కాబట్టే వచ్చింది. వ్యక్తి స్మారకానికైతే ఆ మనిషి పోయి 25 ఏళ్ళు దాటాలి. బిల్లులో వాడే వాక్యం మీదే సగం విజయం ఆధారపడుతుంది. ఎవరి కోసం, ఎవరు కడతారు, ఏ చట్టం కింద అన్న మూడు మాటలూ మొదటి బిల్లులోనే తేలిపోవాలి.

పార్క్ సర్వీస్ దగ్గర స్థల పరిశీలన నివేదిక మొదలయ్యాక, చారిత్రక కట్టడాల పరిరక్షణ చట్టంలోని 106వ సెక్షన్ కింద ఒక సంప్రదింపు, పర్యావరణ చట్టం కింద మరో నివేదిక నడుస్తాయి. వీటిని ఒకదాని తర్వాత ఒకటిగా చేస్తే ఏడేళ్ళలో రెండేళ్ళు ఇక్కడే కరిగిపోతాయి. రెండూ ఒకేసారి మొదలుపెట్టించాలి. ఒకే స్థలం పట్టుకుని వెళ్ళకూడదు. మూడు, నాలుగు చోట్లను పోల్చి చూపిస్తే కమిషన్లు వింటాయి. ఒక్కటే చూపిస్తే, మిగతావి ఎందుకు చూడలేదన్న ప్రశ్నతో వెనక్కి పంపుతాయి. రెండో ప్రపంచ యుద్ధ స్మారకానికి మొదట అనుకున్నది కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ మూలే. ఫైన్ ఆర్ట్స్ కమిషన్ అభ్యంతరంతో అది మాల్‌లోనే రెయిన్‌బో పూల్ అనే కొలను దగ్గరికి మారింది. అంతటి స్మారకానికే తప్పలేదు.

నేల విషయం చాలామంది పట్టించుకోరు. వాషింగ్టన్ స్తంభానికి పడమరన ఉన్న మాల్ అంతా పొటోమాక్ నది బురద తీసి పూడ్చిన భూమి. నీళ్ళు దగ్గర్లోనే తగులుతాయి. బరువైన రాయి పెట్టాలంటే పైపైన కాంక్రీటు పోసి సరిపెట్టుకునే వీల్లేదు, గట్టి పొర తగిలేదాకా లోతుగా పునాది స్తంభాలు (పైల్స్) దింపాలి. కాగితం మీద చౌకగా కనిపించిన డిజైన్ ఖర్చు ఇక్కడ అమాంతం పెరుగుతుంది. 10 శాతం నిర్వహణ నిధి కూడా దానితో పాటే పెరుగుతుంది. అందుకే మట్టి పరీక్ష స్థలం ఖాయం కాకముందే చేయించుకోవాలి. వరద ముంపు పటంలో ఆ ముక్క ఎక్కడుందో కూడా అప్పుడే చూసుకోవాలి.

మంచి మాటలు కూడా చెప్పాలి, లేకపోతే సమీక్ష అన్యాయమవుతుంది. రెండు కమిషన్ల సమావేశాలు బహిరంగంగానే జరుగుతాయి. ఎజెండా, సమర్పించిన డ్రాయింగులు, సిబ్బంది నివేదికలు అన్నీ జనం చూడవచ్చు, ఎవరైనా వెళ్ళి మాట్లాడవచ్చు. మన ఊళ్ళల్లో రాత్రికి రాత్రి లేచే విగ్రహాలకు అలవాటు పడిన కళ్ళకు ఈ పద్ధతి నేర్చుకోదగ్గది. దాతల పేర్లు స్మారకం మీద చెక్కుకునే వీల్లేకుండా చట్టం కట్టడి చేసింది. అందువల్లే ఈ స్మారకాల మీద మనకు సైనికుల పేర్లే కనిపిస్తాయి, కంపెనీల పేర్లు కనిపించవు. అప్పగించాక పార్క్ సర్వీస్ నిర్వహణ బాధ్యత తీసుకుంటుంది. కట్టిన సంఘం చెదిరిపోయినా రాయి పాడుబడదు. ఈ మూడింటికీ 5కి 4 ఇవ్వవచ్చు.

తెలుగువాళ్ళు పోల్చుకోవడానికి ఒక దగ్గరి ఉదాహరణ ఉంది. మసాచుసెట్స్ అవెన్యూలో భారత రాయబార కార్యాలయం ఎదుట ఉన్న గాంధీ విగ్రహం కూడా ఫెడరల్ భూమి మీదే ఉంది. దానికీ కాంగ్రెస్ చట్టం కావలసి వచ్చింది, 1998 అక్టోబర్‌లో. 2000 సెప్టెంబర్‌లోనే ఆవిష్కరణ. రెండేళ్ళు కూడా పట్టలేదు. కారణాలు స్పష్టం: చిన్న త్రికోణపు స్థలం, మాల్ బయట, కట్టేది భారత ప్రభుత్వం, డబ్బుకు వెతుక్కోవలసిన పని లేదు. అదే వ్యవస్థ, అవే గుమ్మాలు. అడిగేవాడి వెనక ప్రభుత్వం ఉంటే పని ఎంత సాఫీగా నడుస్తుందో గాంధీ విగ్రహం చూపిస్తుంది. నగర ప్రభుత్వం వెనక ఉంటే ఎలా నడుస్తుందో యూ స్ట్రీట్ చూపిస్తుంది. వెనక ఎవరూ లేకపోతే ఏమవుతుందో కాన్‌స్టిట్యూషన్ గార్డెన్స్ పచ్చికను చూస్తే తెలుస్తుంది.

మన సంఘాలకు సూటిగా చెప్పాలంటే, వాషింగ్టన్‌లో ఫెడరల్ భూమి జోలికి వెళ్ళకముందు ఆ ముక్క ఎవరిదో రికార్డులో చూసుకోవాలి. నగరానిదైతే నగరంతోనూ, కౌంటీదైతే కౌంటీతోనూ, గ్రంథాలయానిదైతే దాని బోర్డుతోనూ మాట్లాడితే సరిపోతుంది. వాటికి కాంగ్రెస్ అక్కర్లేదు. కానీ స్మారకం మాల్ మీదే అర్థవంతం అనిపిస్తే, మొదటి బిల్లు ప్రవేశపెట్టకముందే నిధుల హామీలు రాతపూర్వకంగా ఉండాలి. బిల్లు పాసయ్యాక చందాలు మొదలుపెడితే గడువు ముందు పరుగెత్తుతుంది.

ఇక చూడడానికి వెళ్ళేవాళ్ళకు. వేసవిలో అమ్మానాన్నలను వాషింగ్టన్ చూపించేవాళ్ళు చాలావరకు మాల్ తిరిగి వెనక్కి వచ్చేస్తారు. ఒక గంట మిగుల్చుకుని యూ స్ట్రీట్‌కు కూడా వెళ్ళండి. స్టేషన్‌కు రెండు ద్వారాలున్నాయి, 13వ వీధి వైపు వస్తే కాస్త నడవాలి, 10వ వీధి వైపే రండి. ఎదురుగా వెర్మాంట్ అవెన్యూ మీద ఈ దళాల మ్యూజియం ఉంది, తెరిచి ఉందో లేదో ముందే చూసుకోవడం మంచిది. పలకల మీద పేర్లు రెజిమెంటు వారీగా ఉంటాయి కాబట్టి, ఒక పేరు వెతకాలంటే ముందు రెజిమెంటు సంఖ్య తెలియాలి. పార్క్ సర్వీస్ అంతర్యుద్ధ సైనికుల పట్టిక ఆన్‌లైన్‌లో ఉంది, అందులో పేరు కొడితే రెజిమెంటు వస్తుంది. ఇంటిపేరు ఒక్కటే పట్టుకుంటే దొరకడం కష్టం, ఒకే పేరుతో పదుల మంది ఉంటారు. 1865 మే నెలలో యుద్ధం గెలిచిన సైన్యం పెన్సిల్వేనియా అవెన్యూ మీద రెండు రోజులు కవాతు చేసినప్పుడు ఈ దళాలకు అందులో చోటివ్వలేదు. ఆ పలకల ముందు కాసేపు నిలబడి ఒక రెజిమెంటు పేర్లయినా మొదటి నుంచి చివరిదాకా చదవండి.